వెన్నెలకంటి సుబ్బారావుగారి యాంగ్ల విద్య

ప్రతి సంవత్సరమును పరీక్షలు సమీపించు దినములలో మన విద్యార్థుల వ్రాఁతపుస్తకములలో మూఁడు వరుసల పట్టిక యొకటి కానవచ్చును. మొదటి వరుసలో గో, రెండవ వరుసలో వెంట్, మూఁడవ వరుసలో గాన్. దాని క్రింద డూ, డిడ్, డన్. దాని క్రింద రైట్, రోట్, రిటన్. సాయంకాలమున అరుఁగులమీఁదఁ గూర్చుండి పిల్లలు దీనిని ఎక్కములవలె వల్లించుచుందురు. వల్లించుట తప్పుకాదు. కాని మఱునాఁడు తరగతిలో లేవనెత్తి, నిన్న నీవు ఊరికిఁ బోయితివా యని ఆంగ్లమున నడిగినచో, ఆ పట్టికను పొల్లుపోకుండ నప్పగించిన బాలుఁడే డిడ్ నాట్ వెంట్ అని బదులు చెప్పును. పట్టిక నోటికి వచ్చినది గాని దాని మర్మము మనస్సున కెక్కలేదన్న మాట.

ఈ లోపము నేఁడు పుట్టినది కాదు. రెండువందల యేండ్లకుఁ బూర్వమే దీనిని కనిపెట్టి, చదివిన దానికి అర్థము తెలియవలెను, వ్రాసిన దానికి వ్యాకరణము తెలియవలెను అని మదరాసు పట్టణమున పెద్దల యెదుట నివేదించిన మహనీయుఁ డొకఁడు మన సీమలోనే పుట్టెను. ఆయనయే వెన్నెలకంటి సుబ్బారావుగారు. వారి పేరు చరిత్ర చదివినవారికిఁ దెలిసినదే గాని, మన పిల్లలలో నెఱిఁగినవారు తక్కువ. ఉదయగిరి, వరికుంటపాడు, ఆత్మకూరు ప్రాంతముల మెట్టపల్లెలనుండి వచ్చి ఆంగ్లమును చూచి జంకెడి బాలబాలికలకు వారి జీవితము ధైర్యము కలిగించునని తలంచి, దానిని సంగ్రహముగా నిక్కడ వ్రాయుచున్నాము.

సుబ్బారావుగారు 1784వ సంవత్సరమున ఒంగోలు సీమలో జన్మించిరి. ఆ ప్రాంతము తరువాత నెల్లూరు జిల్లాలోఁ జేరి, 1904లో గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు దానిలోనికిఁ బోయి, 1970లో నేఁటి ప్రకాశము జిల్లా పుట్టినప్పుడు దానికి ముఖ్యస్థాన మయ్యెను. వెన్నెలకంటివారు విద్యకుఁ బేరుగన్న వంశమువారు. ఇదే యింటిపేరు గల సూరన కవి పూర్వము విష్ణుపురాణమును తెలుఁగున రచించెను. సుబ్బారావుగారికి బాల్యముననే తండ్రి గతించెను. సంపాదించు చేయి పోయిన యింట పసివాని చదువు ఏమగునో మన పల్లెలవారికి వేఱుగఁ జెప్ప నక్కఱలేదు.

ఆ కాలపు దేశస్థితిని కొంచెము తలంచుకొనవలెను. నెల్లూరు సీమ అప్పటికి ఆర్కాటు నవాబు పరిపాలనలో నుండెను. 1801లో జరిగిన యొడంబడికచేతఁ గర్ణాటకరాజ్యముతోఁ గూడ అది ఆంగ్లేయ కంపెనీవారి వశమాయెను. పల్లెలలో వీథిబడు లుండెడివి. అందు ఇసుకలో అక్షరములు దిద్దుటయు, ఎక్కములు, లెక్కలు, పద్యములు వల్లించుటయు నుండెను. ఆంగ్లము నేర్పు పాఠశాల మన సీమలో లేకుండెను. ఆంగ్లమును నేర్వఁగోరినవాఁడు కంపెనీ కొలువులో నున్న బంధువునో, పరిచితునో ఆశ్రయించి, వారియింట నుండి, వారు వ్రాయు కాగితములను చూచి వ్రాసికొని, వారి నోటి మాటలను చెవియొగ్గి విని నేర్చుకొనవలసినదే. సుబ్బారావుగారు నట్లే బంధువుల ప్రాపున ఆంగ్లమును అభ్యసించిరి.

ఇప్పటి విద్యార్థికి సందేహము కలిగినచో నిఘంటువు తెఱచి చూచును. ఆయనకు ఆ యవకాశ మెక్కడిది? తెలుఁగు మాటలకు ఆంగ్లార్థములు చెప్పు క్యాంబెల్ దొరగారి నిఘంటువు 1821లోఁ గాని యచ్చుపడలేదు. బ్రౌను దొరగారి మహానిఘంటువు 1852లో వెలువడునప్పటికి సుబ్బారావుగారు కీర్తిశేషులై పదమూఁడేండ్లు కావచ్చెను. తెలుఁగు వ్యాకరణములను ఆంగ్లమున కేరీ దొరగారు 1814లోను, క్యాంబెల్ దొరగారు 1816లోను ప్రకటించిరి గాని, అవి దొరలకుఁ దెలుఁగు నేర్పుటకై పుట్టినవి. తెలుఁగు బాలునకు ఆంగ్లము నేర్పుటకుఁ దెలుఁగున వ్రాసిన వ్యాకరణ మొక్కటియు ఆయన బాల్యమున లేకుండెను. అట్టి దినములలో ఒక్కొక్క క్రియకు మూఁడేసి రూపము లున్నవనియు, వానిలో నేది యెక్కడ నిలుచుననియు ఒకరు చెప్పక తానే కనిపెట్టుకొనుట యెంతటి పనియో యూహింపుఁడు.

1799లో శ్రీరంగపట్టణము పడి టిప్పు సుల్తాను మరణించిన తరువాత దక్షిణదేశమున కంపెనీవారి కచేరీలు పెరిగెను. లెక్కలు తెలిసినవారును, రెండు మూఁడు భాషలు మాటలాడఁగలవారును ఆ కచేరీలకుఁ గావలసివచ్చిరి. సుబ్బారావుగారు యౌవనమున మైసూరు, కన్నడ సీమలకుఁ బోయి కొలువు చేసిరి. అక్కడ కన్నడమును నేర్చిరి. తెలుఁగు పుట్టువుతో వచ్చినది. అరవము, హిందూస్థానీ, పారసీ మున్నగు భాషలలోను పరిచయము గలిగించుకొనిరి. ఒక భాషను నేర్చినవాఁడు రెండవదానిని మొదటిదానితోఁ బోల్చి చూచును. మూఁడవదానిని రెంటితోను పోల్చును. ఇట్లు పోల్చు నలవాటే వ్యాకరణజ్ఞానమునకుఁ బునాది యని మేము తలంచుచున్నాము.

1815లో వారికి మదరాసునందు సదరుకోర్టులో భాషాంతరకర్త, ద్విభాషి యను నుద్యోగము లభించెను. ఈ న్యాయస్థానము 1802లో నేర్పడినది. జిల్లా కోర్టులలోను, వానిపైనున్న ప్రాంతీయపు కోర్టులలోను తీర్పు పొందినవారు తుదకు వచ్చి మొఱపెట్టుకొనునది యిచ్చటనే. రైతు తన మొఱను తెలుఁగునఁ జెప్పును, సాక్షి అరవమునఁ జెప్పును, కరణము లెక్క కన్నడమున నుండును, తీర్పరి ఆంగ్లేయుఁడు. వీరి నడుమ నిలిచి ఒకరి మాటను ఒకరికిఁ జేర్చువాఁడే భాషాంతరకర్త. ఆయన కలములో నొక్క రూపము తప్పినచో ఒకరి పొలము మఱియొకరి పాలగును.

ఇది యతిశయోక్తి యని యెవరును తలంపరాదు. దృష్టాంతముగా మేమే యొక వాక్యమును కల్పించి చూపుచున్నాము. దానపత్రమును గుఱించి తగవు వచ్చినదనుకొనుఁడు. సాక్షి వచ్చి, నేను పోవునప్పటికి అతఁడు పత్రము వ్రాసి యుండెను అని చెప్పినాఁడు. అనఁగా వ్రాయుట ముందు జరిగినది. ఇతఁడు పోవుట తరువాత. వ్రాయుచుండఁగా నితఁడు చూడలేదు. దీనికి ఆంగ్లమున హాడ్ రిటన్ అని మూఁడవ రూపము రావలెను. తొందరపడి రోట్ అని రెండవ రూపము వ్రాసినచో, నేను పోఁగా అతఁడు పత్రము వ్రాసెను అని యర్థమగును. అప్పుడు కంటఁ జూడనివాఁడు కంటఁ జూచినవాఁడగును. తెలుఁగు రాని న్యాయాధిపతి ఆ కాగితమును నమ్మి తీర్పు చెప్పును. ఒక్క రూపభేదమున సాక్ష్యమే తలక్రిందు లాయెను గదా! పరీక్షలో నిట్టి తప్పునకు ఒక మార్కు పోవును. న్యాయస్థానమున నొక కుటుంబము పోవును. సుబ్బారావుగారు పదునాలుగేండ్లు, అనఁగా 1829 వఱకు, ఈ బాధ్యతను మోసిరి.

అదే కాలమున మదరాసు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండినవారు ఏనుఁగుల వీరాస్వామయ్యగారు. వారును తెలుఁగువారే. 1830, 1831 సంవత్సరములలో వారు చేసిన కాశీయాత్రను గుఱించి వారు వ్రాసిన చరిత్ర నేఁటికిని చదువరుల కానందము కలిగించుచున్నది. ఒకే పట్టణమున రెండు పెద్ద న్యాయస్థానములలో ఇట్టి యిరువురు తెలుఁగువారు ద్విభాషులై యుండుట మనకు గర్వకారణము.

ఆంగ్ల క్రియారూపములు మన కే కష్టమని విద్యార్థులు నిరుత్సాహపడుదురు. కాని సుబ్బారావుగారి కాలమునకుఁ గొంచెము ముందు ఇంగ్లాండు దేశమున ఆంగ్లేయులే వీనినిగూర్చి తగవులాడుచుండిరి. రెండవ రూపమును మూఁడవ రూపమునకు బదులుగా వాడుట, అనఁగా హావ్ రిటన్ అనవలసినచోట హావ్ రోట్ అనుట, వారిలో మిక్కిలి వ్యాపించి యుండెను. 1762లో రాబర్టు లౌత్ అను క్రైస్తవ గురువు ఒక చిన్న ఆంగ్ల వ్యాకరణమును ప్రకటించి, మిల్టను, డ్రైడను వంటి మహాకవుల రచనలలోను ఈ దోషమున్నదని యెత్తిచూపెను. ఆయన తరువాత లండను నగరమునకు బిషప్పయ్యెను. యెషయా ప్రవక్త గ్రంథమును హెబ్రీ భాషనుండి ఆంగ్లమునకుఁ దెచ్చిన పండితుఁడు నాయనయే. ఆయన వెనుక లిండ్లే మఱ్ఱే అను నమెరికా దేశస్థుఁడు ఇంగ్లాండునకు వచ్చి యార్కు పట్టణముచెంత నివసించి, అక్కడి బాలికల పాఠశాల యుపాధ్యాయినులు కోరఁగా 1795లో ఒక వ్యాకరణమును వ్రాసెను. అది రెండు ఖండములలోను ఎన్నో మాఱులు అచ్చుపడి, లక్షలకొలఁది పిల్లల చేతికిఁ జేరెను. నేఁడు మనము కంఠస్థము చేయు మూఁడు వరుసల పట్టిక స్థిరపడుటకు ఇట్టి వ్యాకరణములే ముఖ్యకారణములు. కాఁబట్టి ఈ రూపములు ఆకసమునుండి ఊడిపడినవి కావు; మనుష్యులు వాడి, తప్పి, దిద్దుకొని, కాలక్రమమున నిలిపికొన్నవి.

మన బైబిలు తరగతిలో ఆంగ్లమున 1611 నాఁటి ప్రాఁత తర్జుమాను చూచినవారు దీనికి సాక్ష్యము చెప్పఁగలరు. అందు స్పోక్ అనుటకు మాఱుగా స్పేక్ అనియు, బ్రోక్ అనుటకు బ్రేక్ అనియు, హెల్ప్‌డ్ అనుటకు హోల్పెన్ అనియు నుండును. అవి తప్పులు కావు. ఆ నాఁటి రూపములు. ఆంగ్ల క్రియలు రెండు తెగలు. సింగ్, శాంగ్, సంగ్ అన్నట్లు లోపలి యచ్చును మార్చుకొనునవి ప్రాచీనమైన తెగ. చివర డ, ట ధ్వనులను చేర్చుకొనునవి రెండవ తెగ. ఈ రెండవ తెగయే నానాఁటికిఁ బెరిగి, మొదటి దానిలోని పెక్కింటిని తనలోఁ గలుపుకొనెను. హోల్పెన్ పోయి హెల్ప్‌డ్ వచ్చుట యట్టిదే. క్రొత్తగాఁ బుట్టు క్రియ లన్నియు నీ తెగలోనే చేరును. కట్, పుట్ వంటివి కొన్ని మూఁడు వరుసలలోను ఒక్క రూపముతోనే యుండును. క్రమము తప్పిన క్రియలు మొత్తము సుమారు 200 మాత్రమే. దినమున కైదు నేర్చినను నలువది దినములలో ముగియును.

ఇఁక సుబ్బారావుగారి జీవితములో విద్యార్థులు ముఖ్యముగా నెఱుఁగవలసిన ఘట్టమునకు వచ్చుచున్నాము. 1820లో మదరాసునందు పాఠశాలలకుఁ బుస్తకములు సమకూర్చుటకై స్కూలు బుక్కు సొసైటీ యను సంఘ మేర్పడెను. సుబ్బారావుగారి నందు సభ్యునిగాఁ జేర్చుకొనిరి. ఆ సంవత్సరముననే వారు దేశమందలి చదువుల స్థితినిగూర్చి సంఘమునకొక నివేదికను వ్రాసి యిచ్చిరి. అందు వారు కొలువులోనివారిని మెప్పించుటకు గాని, పై యధికారుల మనస్సు సంతోషపెట్టుటకు గాని ప్రయత్నింపలేదు. ఉన్న మాటను ఉన్నట్లు చెప్పిరి. ఆంగ్లము నేర్చితి మనుకొను మనవారిలో వ్యాకరణము తెలిసినవారు మిక్కిలి తక్కువ యనియు, బాలురు అర్థము తెలియకయే చదువుచున్నారనియు, కచేరీలలో నున్నవారును చూచి వ్రాయుటయే గాని తప్పులేక స్వయముగా వ్రాయ నేరరనియు వారి యభిప్రాయము. స్వభాషలోని చదువును నిట్లే యున్నదనియు, బాలురకు లోతు తెలియని కావ్యములను ఊరక వల్లె వేయించుచున్నారనియు వారు గ్రహించిరి. బాలుఁడు ముందుగాఁ దన భాషను తెలిసి చదువవలెను. పిమ్మట ఆంగ్లమును వ్యాకరణముతో నేర్వవలెను. సులభమైన నీతికథలును వ్యాకరణములును పిల్లల కందవలెను. ఇదియే వారు కోరినది.

ఈ మాటలు చెప్పినవాఁడు ఆంగ్లమును ద్వేషించినవాఁడు కాఁడు. ఆంగ్లముచేతనే జీవనము సాగించినవాఁడు. తెలుఁగును చులుకన చేసినవాఁడును గాఁడు. తాను పడిన కష్టమును తన వెనుక వచ్చు పిల్లలు పడఁగూడదని కోరినవాఁడు. రెండేండ్లకు, 1822లో, గవర్నరు మన్రో దొరగారు రాజధాని యందలి పాఠశాలలను లెక్కింప నాజ్ఞ యిచ్చిరి. 1,28,50,941 జనులకు 12,498 బడులును, వానిలో 1,88,650 మంది పిల్లలును ఉన్నట్లు 1826లో వారు తేల్చిరి. బడులు లేకపోలేదు; అందు చదివెడి చదువునకు అర్థము చెప్పువారు చాలక పోయిరి. సుబ్బారావుగారు వ్రేలు పెట్టి చూపిన లోపము ఇదియే.

వారు కోరిన త్రోవను మనమును ఒక్కింత నడచి చూతము. ఆంగ్ల క్రియారూపములను తెలుఁగుతోఁ బోల్చిన యెడల, పర్వతమువలెఁ గనఁబడినది పుట్టయగును.

మొదటిది. గో అను దానికి వెంట్ అను పోలిక లేని రూపమేల యని యడుగుదురు. వెంట్ అనునది మొదట వెండ్ అను వేఱొక క్రియ యొక్క రూపము. కాలక్రమమున గో యొక్క యింటికి వచ్చి నిలిచిపోయెను. మన భాషలో ఇట్టివి లేవా? వచ్చు అను క్రియను చూడుఁడు. వచ్చెను అందుము, రమ్ము అందుము, రాఁడు అందుము. వచ్చు ఎక్కడ, రా ఎక్కడ! ఇచ్చు, ఈయఁడు, తెచ్చు, తేఁడు, చచ్చు, చావఁడు అనునవియు నట్టివే. నాలుగేండ్ల పిల్ల ఏ పట్టికయు చూడకయే వీనిని తప్పులేక పలుకును. వినుటచేతను వాడుటచేతను వచ్చిన విద్య యది. ఆంగ్లమునకును అదియే త్రోవ.

రెండవది. డిడ్ నాట్ వెంట్ అను తప్పు. మనము పోయెను అందుము. దానికి వ్యతిరేకము పోలేదు. పోయెలేదు అని యెవఁడైన ననునా? భూతకాలపు భారమును లేదు అను మాట తనపైఁ దీసికొనఁగానే ముందున్న క్రియ తన మొదటి రూపమునకు మరలిపోయెను. ఆంగ్లమున డిడ్ చేయు పనియు నిదియే. డిడ్ భూతకాలమును మోయుచుండఁగా వెనుకవాఁడు మరల దానిని మోయ నక్కఱలేదు. కావున డిడ్ నాట్ గో. ఒక బిందెను ఇద్దఱు నెత్తిన పెట్టుకొన లేరుగదా!

మూఁడవది. మూఁడవ రూపము ఒంటరిగా వాక్యమును నడపలేదు. ఐ సీన్ అనరాదు. ఐ సా అనవలెను, లేదా హావ్ చేర్చి ఐ హావ్ సీన్ అనవలెను. మన భాషలో చూచి అనునది యట్టిదే. నేను చూచి యని యాపినచో వినువాఁడు తరువాత నేమని యెదురుచూచును. చూచి యున్నాను అన్నప్పుడే వాక్యము పూర్తియగును. అయిన నిక్కడ నొక భేదమున్నది. నిన్న చూచి యున్నాను అని మనము తెలుఁగున ననవచ్చును. ఆంగ్లమున నిన్న, మొన్న, 1820లో అని కాలమును నిర్ణయించి చెప్పినప్పుడు హావ్ పనికిరాదు. ఐ సా అను రెండవ రూపమే రావలెను. చిరకాలము ఆంగ్లము చదివినవారును ఇక్కడ జాఱుచుందురు.

నాలుగవది. ఇది కొంచెము సూక్ష్మము. వ్రాసిన లేఖ అందుము. వ్రాసిన బాలుఁడు అందుము. చేయఁబడిన వస్తువునకును, చేసినవానికిని తెలుఁగున నొకే విశేషణము చెల్లును. ఆంగ్లమున నట్లు చెల్లదు. రిటన్ లెటర్ అనవచ్చును గాని వ్రాసిన బాలుఁడు అను నర్థమున రిటన్ బాయ్ అనరాదు. అట్లనినచో బాలునే యెవరో వ్రాసినట్లగును. కర్మ గల క్రియలలో మూఁడవ రూపము చేయఁబడినదానికే విశేషణమగును. చేసినవానిని చెప్పవలసినచో, వ్రాసినట్టి బాలుఁడు అను నర్థమున హూ చేర్చి రెండవ రూపమును పెట్టవలెను. పడిన ఆకు, ఫాలెన్ లీఫ్ అన్నట్లు కర్మ లేని క్రియలు కొన్ని మాత్రము కర్తతోఁ గూడును. ఈ యొక్క భేదమును తెలిసికొన్నవాఁడు సగము వ్యాకరణమును తెలిసికొన్నవాఁడే. మఱియు బీ అను క్రియతోఁ గూడినప్పుడు ఇదే మూఁడవ రూపము చేయఁబడెను, వ్రాయఁబడెను అను నర్థము నిచ్చును. హావ్‌తోఁ గూడినప్పుడు చేసి యుండుట, బీతోఁ గూడినప్పుడు చేయఁబడుట, నామముతోఁ గూడినప్పుడు చేసిన యను విశేషణము: ఈ మూఁడు పనులును ఒక్క రూపమే చేయును. పట్టికలోని మూఁడవ వరుసకు ఇంత పని యున్నది కనుకనే దానిని వేఱుగ నేర్పుచున్నారు.

సుబ్బారావుగారు 1829లో ఉద్యోగమునుండి విరమించిరి. తాము బ్రదికిన దినముల వృత్తాంతమును ఆంగ్లముననే వ్రాసి యుంచిరి. అప్పటికి మన దేశీయులు ఆంగ్లమున స్వీయచరిత్రమును వ్రాయుట యన్నది యించుమించు వినని సంగతి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము 1911లో మొదటి భాగముగా వెలువడునప్పటికి సుబ్బారావుగారు గతించి డెబ్బదేండ్లు దాఁటెను. తెలుఁగు బడి యైనను సరిగా లేని కాలమునఁ బుట్టి, పరుల కాగితములు చూచి యాంగ్లము నేర్చినవాఁడు, ఆ భాషలోనే తన జీవితమును పూర్తిగాఁ జెప్పుకొన్నాఁడు. స్వీయచరిత్రమునకు ఏ భాష యైనను భూతకాలమే ప్రాణము. పోయిన దినమును, చేసిన పనిని, గతించిన తండ్రిని చెప్పవలసి యుండును గదా! చిన్ననాఁడు వెదకి వెదకి పట్టుకొన్న యా క్రియారూపములే తుదకు వారి జీవితమును మోసికొని వచ్చి మన చేతిలోఁ బెట్టినవి.

ఆయన 1839లో స్వర్గస్థులైరి. అప్పటికి వయస్సు ఏఁబదినాలుగేండ్లు. వ్రాఁతప్రతి ముప్పదేండ్లకుఁ బైగా ఇంటనే యుండెను. 1873లో కుమారులు వెంకట గోపాలరావుగారు దానిని మదరాసునందు అచ్చువేయించిరి. తండ్రి వ్రాసినదానిని చెదలపాలు గానీయక లోకమున కందించిన యా కుమారునికిని మనము కృతజ్ఞులము. మన యిండ్లలోని పెట్టెలయందు తాతల నాఁటి కాగితము లెన్ని యిట్లు పడియున్నవో! సెలవులలో ఇంటికిఁ బోయినప్పుడు వానిని తీసి దులిపి చూడుఁడని విద్యార్థులకు చెప్పుచున్నాము.

సుబ్బారావుగారు మరణించిన మఱుసటి సంవత్సరము, అనఁగా 1840లో, శామ్యూల్ డే దొరగారు నెల్లూరునకు వచ్చి అమెరికను బాప్తిస్టు మిషను పనికిఁ బునాది వేసిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో, సుబ్బారావుగారి స్వస్థలముననే, పని ప్రారంభించిరి. పిమ్మట నీ సీమలో మిషను పాఠశాలలు వెలసెను. ఇంతకుముందు బడి గడప త్రొక్క నోచుకొనని యిండ్ల పిల్లలును, బాలికలును అక్షరము నేర్చిరి. సుబ్బారావుగారు తన యీడు పిల్లలలోఁ గొందఱికే చిక్కిన యాంగ్ల విద్యను అభ్యసించిరి. నేఁడది గొల్లపల్లెలోని పిల్లవానికిని, కూలివాని కూఁతునకును బెంచీమీఁద దొరకుచున్నది. వారికి లేని వ్యాకరణములు మనకున్నవి. వారికి లేని నిఘంటువులు మనకున్నవి. సందేహము తీర్చు నుపాధ్యాయులున్నారు. లేనిది యేమైన నున్నచో, అర్థము తెలిసికొని చదువవలెనను పట్టుదల యొక్కటియే.

కావున విద్యార్థులారా, పట్టికను వల్లింపుఁడు. వల్లింపవలదని మే మనము. కాని యొక్కొక్క వరుసను వల్లించిన వెంటనే, దానికిఁ దగిన తెలుఁగు మాటను మీ యింటి మాటలలో వెదకుఁడు. మీ యమ్మ వంట చేసెను అనునప్పుడు ఏ రూపము, వంట చేసి యున్నది అనునప్పుడు ఏ రూపము, చేసిన వంట అనునప్పుడు ఏ రూపము అని మిమ్ము మీరే యడుగుఁడు. ఎక్కడఁ దప్పితిరో తెలిసినచో సిగ్గుపడకుఁడు. మహాకవులే తప్పిరని యొక బిషప్పు చెప్పినాఁడు గదా. అర్థముతోఁ గూడిన చదువు కావలెనని రెండువందల యేండ్లకుఁ బూర్వము మదరాసున నిలిచి యడిగిన యొంగోలు సీమవాని కోరిక, మన పాఠశాలలోని యొక్క తరగతిలోనైన నెఱవేఱినచో, ఆయన ఋణము కొంతయైనఁ దీర్చుకొన్నవార మగుదుము.